అడిగిన ప్రశ్నకు 1947లోనే జవాబు చెప్పాం

ఈ దేశం తన దగ్గర ఒక చిన్న జాబితా పెట్టుకుంది. ముస్లింల దేశభక్తి మీద మాట వచ్చినప్పుడల్లా ఆ జాబితాను బయటికి తీస్తారు. బ్రిగేడియర్ ఉస్మాన్, హవల్దార్ అబ్దుల్ హమీద్, అబ్దుల్ కలామ్, ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్. "మీలోనూ ఇట్లాంటివాళ్ళు వున్నారుగా, మీరంతా అట్లా ఎందుకు లేరు?" అని అడగడానికి కొందరు వాడతారు. "ఇట్లాంటివాళ్ళు మాలో వున్నారు కదా, ఇంకా ఎందుకు అనుమానం?" అని అడుక్కోవడానికి మేమూ వాడతాం. రెండు చేతుల్లోనూ అది సర్టిఫికెట్టే. ఒకరు దాన్ని చూపించి మమ్మల్ని నిలదీస్తారు, మేము దాన్ని చూపించి బతిమాలుకుంటాం. ఆ పేర్ల వెనక వున్న మనుషుల్ని, వాళ్ళు నడిచిన కాలాన్ని చదివే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు.

ఆ జాబితాలోంచి ఒక్క పేరు తీసుకుని దాన్ని చరిత్రగా చదవాలన్నది యిక్కడ మా ప్రయత్నం. ఇద్రీస్ హసన్ లతీఫ్ మా హైదరాబాదువాడు. నిజాం కాలేజీ విద్యార్థి. 1978 నుంచి 1981 దాకా భారత విమానదళాధిపతి. పదాతి, నౌకా, విమాన దళాలు మూడింటిలో దేనికైనా అధిపతి అయిన మొదటి ముస్లిం. ఇప్పటివరకు ఆయన ఒక్కరే. మొదటివాడు, ఒక్కడు అన్న ఈ రెండు మాటల మధ్య మా చరిత్ర చాలానే వుంది.

లతీఫ్ 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టారు. తండ్రి హసన్ లతీఫ్ నిజాం సర్కారులో చీఫ్ ఇంజనీరు. అంటే మా గల్లీల పిల్లవాడు కాదు. బీడీలు చుట్టే ఇంటి నుంచో, దూది ఏకే ఇంటి నుంచో, మగ్గం గుంట నుంచో వచ్చినవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పుకోవాలి. ముస్లింలంటే అంతా ఒకటే ముద్ద అని బయటివాళ్ళు అనుకుంటారు. ఆ ముద్దలో మేమూ మా తేడాలు దాచుకుంటాం. నవాబు బగ్గీకీ, దాని వెనక పరుగెత్తే నౌకరుకూ ఒకే కల్మా వుండొచ్చు. ఒకే చరిత్ర లేదు.

ఆయన చదివిన నిజాం కాలేజీ 1887లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. ఊరు నిజాముది, పేరు నిజాముది, అయినా 1947 దాకా ఆ కాలేజీకి గుర్తింపు మద్రాసు విశ్వవిద్యాలయానిది. చదువు ఇంగ్లీషులో. అవతల 1918లో పుట్టిన ఉస్మానియాలో చదువు ఉర్దూలో. ఉస్మానియా చదువు సంస్థానంలో నౌకరీకి దారి అయితే, నిజాం కాలేజీ చదువు సంస్థానం దాటి బ్రిటిష్ ఇండియాలోకి దారి. ఇంగ్లీషు వచ్చిన పెద్దింటి పిల్లలు ఆ రెండో దారిన పోయారు.

ఆ దారి తరగతి గది నుంచి ఎంత పోయేదో, ఆట మైదానం నుంచి కూడా అంత పోయేది. హైదరాబాదులో ఆ రోజుల్లో ఆట అంటే కాలక్షేపం కాదు, ఒక హోదా. 1930లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. 1934-35లో రంజీ పోటీలు మొదలైతే, వాటిలో మొదటి సెంచరీ కొట్టింది హైదరాబాదు ఆటగాడు ఎస్. ఎం. హాదీ. ఆయనే డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ దేశం తరఫున ఆడారు. 1937-38లో హైదరాబాదు జట్టు నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో గెలిచి రంజీ ట్రోఫీ తెచ్చుకుంది. అప్పటికి లతీఫ్ పద్నాలుగేళ్ళ కుర్రాడు. ఆయన కంటే ఒక ఏడాది ముందు పుట్టిన గులామ్ అహ్మద్ యిదే ఊరి మైదానాల్లో ఆఫ్ స్పిన్ నేర్చుకుని, తర్వాత భారత జట్టుకు 22 టెస్టులు ఆడి, మూడింటికి కెప్టెన్ కూడా అయ్యారు. తెల్లదొరలకు కావలసిన ఆఫీసరుకూ, మంచి ఆటగాడికీ వాళ్ళ లెక్కలో పెద్ద తేడా లేదు. జట్టులో ఇమడాలి, ఓడినా ముఖం చిట్లించకూడదు, మెస్‌లో కూచుని ఇంగ్లీషు మాట్లాడాలి. ఈ మూడూ నేర్పే కాలేజీలు అప్పట్లో ఆటగాళ్ళనూ ఇచ్చాయి, యూనిఫాం వేసుకునేవాళ్ళనూ ఇచ్చాయి.

విమానాలకూ హైదరాబాదుకూ సంబంధం అంతకు ముందే వుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం డబ్బుతో బ్రిటన్ విమానదళంలో ఒక స్క్వాడ్రన్ తయారైంది. దానికి 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. రెండో యుద్ధంలోనూ హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్లు వున్నాయి. ఇవి నిజాం ఉదారత కింద రాస్తారు. ఆ డబ్బు తెలంగాణ రైతు కట్టిన శిస్తు. వెట్టి చేసిన వాళ్ళ చెమట. ఏ విమానం రెక్క మీదా వాళ్ళ పేరు రాయలేదు.

1941లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, లతీఫ్ విమానదళంలో చేరారు. ఆ దళం 1932లో పుట్టింది. యుద్ధం ముంచుకొచ్చి, కుర్రాళ్ళు కావాలని పిలుపు వచ్చిన కాలం. అంబాలాలో శిక్షణ. 1942లో కమిషన్. మొదటి ఉద్యోగం కరాచీలో, తీరరక్షణ ఫ్లైట్‌లో. వాపిటీలు, ఆడాక్స్‌లు, హార్ట్‌లు, అప్పటికే కాలం చెల్లిన రెండు రెక్కల విమానాలు. వాటిలో అరేబియా సముద్రం మీద తిరుగుతూ శత్రువు జలాంతర్గాముల కోసం వెతకడం పని. తర్వాత బ్రిటన్ వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద తర్ఫీదు. మళ్ళీ వచ్చి బర్మా యుద్ధరంగం.

ఇందులో దేశభక్తి ఎంత అని అడిగేవాళ్ళుంటారు. అది ఇంగ్లండు రాజు యుద్ధమే. 1942 ఆగస్టులో దేశం క్విట్ ఇండియా అంటుంటే ఆ దళం రాజు పేరు మీద ఎగిరిన మాట నిజమే. కానీ యిదే ఊరి నుంచి ఇంకో ముస్లిం ఆ రోజుల్లో ఇంకో దారిన పోయాడు. ఆబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ సుభాస్ చంద్రబోస్ వెంట నడిచాడు. 'జై హింద్' అన్న పలకరింపు ఆయన ఇచ్చిందే. 1943 మొదట్లో బోస్ జర్మన్ జలాంతర్గామి ఎక్కి తూర్పుకు బయలుదేరినప్పుడు వెంట వున్న ఒకే ఒక్క భారతీయుడు ఆబిద్ హసన్. ఒక హైదరాబాదీ ముస్లిం సముద్రం పైన ఎగురుతూ జలాంతర్గాముల్ని వెతికాడు. ఇంకొక హైదరాబాదీ ముస్లిం సముద్రం లోపల జలాంతర్గామిలో ప్రయాణం చేశాడు. స్వాతంత్ర్యం తర్వాత ఒకరు ఈ దేశం విమానదళంలో, మరొకరు ఈ దేశం విదేశాంగ సర్వీసులో పనిచేశారు. ముస్లింలందరిదీ ఒకే ఆలోచన అనేవాళ్ళు ఈ ఇద్దర్నీ ఏ లెక్కలో వేస్తారు?

ఇక 1947. ఈ వ్యాసానికి అసలు మలుపు ఇది.

దేశాన్ని పంచినప్పుడు సైన్యాన్నీ పంచారు. తుపాకులు, లారీలు, విమానాలు, చివరికి బ్యాండు మేళాలు. మనుషుల్ని పంచడానికి ఒక నియమం రాసుకున్నారు. పాకిస్తాన్‌లోకి పోయే ప్రాంతాలకు చెందిన ముస్లింకు భారత సైన్యంలో చేరే అవకాశం లేదు. మిగతా భారతదేశానికి చెందిన ముస్లిమేతరుడికి పాకిస్తాన్ సైన్యంలో చేరే అవకాశం లేదు. మిగిలినవాళ్ళు ఏ వైపు అన్నది చెప్పుకోవాలి. ఈ నియమాన్ని కాస్త నిదానంగా చదవండి. సరిహద్దుకు ఇవతల పుట్టిన హిందూ ఆఫీసర్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ఈ దేశంవాడన్నది అడగకుండానే తేలిపోయింది. ఇవతల పుట్టినవాళ్ళలో ప్రశ్న ఎదురైంది ముస్లింకు మాత్రమే. నీది ఏ దేశం? తర్వాత వీధుల్లో, బడుల్లో, క్రికెట్ మ్యాచుల దగ్గర మేము వేల సార్లు విన్న ప్రశ్న మొదట సర్కారు కాగితం మీదకు ఎక్కింది అక్కడే.

లతీఫ్ ఇక్కడే వుంటానన్నారు. ఆయన సహచరులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వైపు వెళ్ళారు. అస్గర్ ఖాన్ బర్మాలో 9వ స్క్వాడ్రన్‌ను నడిపినవాడు. ఇద్దరూ తర్వాత వరసగా పాకిస్తాన్ విమానదళాధిపతులయ్యారు. ఆ ఇద్దరూ లతీఫ్‌ను రమ్మని స్వయంగా అడిగారు. మతమూ దేశమూ తన దృష్టిలో ముడిపడినవి కావని ఆయన వాళ్ళకు జవాబు చెప్పారు.

ఆ జవాబు విలువ తెలియాలంటే ఆ పిలుపు విలువ కూడా తెలియాలి. కొత్త దేశం, కొత్త విమానదళం. శిక్షణ వున్న ఆఫీసర్లు తక్కువ. అక్కడికి పోయిన కుర్రాడికి పైమెట్లు త్వరగా దొరుకుతాయి. ఇక్కడ వుంటే ఎదురయ్యే చూపులు ఎట్లాంటివో ఆ రక్తపాతపు నెలల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయినా వుండిపోయారు. గమనించండి, హిందూ సహోద్యోగి ఇక్కడ వుండడం పుట్టుకతో వచ్చింది. లతీఫ్ ఇక్కడ వుండడం ఎంచుకుంటే వచ్చింది. అడిగి మరీ తెలుసుకున్న విధేయత మీద అనుమానం, అడగకుండా ఒప్పుకున్న విధేయత మీద నమ్మకం! ఈ తలకిందుల లెక్క ఇన్నేళ్ళు గడిచినా సరికాలేదు.

ఆ తర్వాతి ఏడాదే హైదరాబాదు వంతు వచ్చింది. లతీఫ్ పుట్టిన ఊరు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం సంస్థానంలోకి అడుగుపెట్టింది. పోలీసు యాక్షన్ అన్నారు. దానికి ముందు ఖాసిం రజ్వీ రజాకార్లు తెలంగాణ పల్లెల్లో చేసిన దుర్మార్గం మేము దాచిపెట్టేది కాదు. వాళ్ళ కత్తికి ముస్లింలు కూడా బలయ్యారు. భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఉర్దూలో కలం పట్టిన ప్రతివాడూ రజాకారు కాడని చెప్పడానికి ఆ నెత్తురు చాలు.

కానీ రజాకార్ల పాపానికి శిక్ష పడింది ఎవరికి? భారత విమానదళపు టెంపెస్ట్ విమానాలు నిజాం రాజ్యం మీదికి వచ్చాయి. నాలుగయిదు రోజుల్లో అంతా ముగిసింది. నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయారు. ఆ తర్వాత మరాఠ్వాడా, కర్ణాటక, తెలంగాణ జిల్లాల్లో ముస్లింల మీద ఏం జరిగిందో తెలుసుకోవడానికి నెహ్రూ పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో బృందాన్ని పంపారు. 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి వుంటారని ఆ బృందం అంచనా. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపలేదు. అది అందరూ చదవడానికి దొరికింది 2013లో.

లతీఫ్ ఆఫీసరుగా వున్న దళమే ఆయన పుట్టిన రాజ్యం ఆకాశంలోకి వచ్చింది. తండ్రి ఇంజనీరుగా జీతం తీసుకున్న సర్కారు కూలిపోయింది. ఆ కూలినదాని కింద నలిగినవాళ్ళు నవాబులు కారు. 1950 జనవరి 26న నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖ్ అయ్యారు. ఆయనకు గౌరవాలు మిగిలాయి. సంస్థానం సైన్యంలో సిపాయి, దఫ్తర్లో చప్రాసీ, తాలూకా కచేరీలో గుమాస్తా రోడ్డున పడ్డారు. ఎందరో ఆ తర్వాతి ఏళ్ళలో కరాచీ దారి పట్టారు. వాళ్ళను తీసుకుపోయింది పాకిస్తాన్ మీద ప్రేమ అని తేలిగ్గా రాసేవాళ్ళు ఆకలి అన్న మాటను మరిచిపోతారు.

అదే రోజు, 1950 జనవరి 26న, ఢిల్లీలో మొదటి గణతంత్ర దినోత్సవం. విమానాల విన్యాసానికి ముందుండి నడిపింది స్క్వాడ్రన్ లీడర్ లతీఫ్. పోలీసు యాక్షన్ జరిగి పదహారు నెలలు. కొత్త గణతంత్రానికి ఆకాశం నుంచి మొదటి సలాం చేసినవాడు హైదరాబాదు ముస్లిం. సుందర్‌లాల్ నివేదికా మాదే, ఆ సలామూ మాదే. మొదటిది ఒప్పుకుంటే రెండోది వదులుకోవాలని ఎవరూ మాకు షరతు పెట్టకూడదు. రెండోది చూపించి మొదటిదాన్ని మాయం చెయ్యకూడదు. మా చరిత్రను మాకు మొత్తంగా ఇవ్వండి, మేము మొత్తంగా మోస్తాం.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళ కథలో బాంబులూ బాజాలూ తక్కువ, పని ఎక్కువ. అందుకే అది మాకు ముఖ్యం. అమెరికాలో భారత రాయబార కార్యాలయంలో ఎయిర్ అటాచీ. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ల బాధ్యత. దళానికి ఏ విమానాలు కావాలి, ఎన్ని కావాలి అని లెక్కలు కట్టే ప్రణాళికా విభాగం. 1971 యుద్ధ కాలంలో ఆయన ఆ విభాగంలోనే వున్నారు. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజున తూర్పు రంగంలో, షిల్లాంగ్‌లో వున్నారు. పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది. 1978లో దళాధిపతి అయ్యారు. ఆయన్ను నియమించింది జనసంఘ్ కూడా భాగంగా వున్న జనతా ప్రభుత్వం. పదవిలో వున్న మూడేళ్ళలో మొరార్జీ దేశాయి, చరణ్ సింగ్, ఇందిరా గాంధీ ముగ్గురు ప్రధానుల దగ్గర పనిచేశారు. ఏ పార్టీకీ ఆయన మతం అడ్డు రాలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. అడ్డు వస్తుందని ఈనాడు కొందరు చేసే ప్రచారానికి అనుభవంలోంచి వచ్చిన ఆధారం ఏదీ లేదని కూడా తెలుస్తుంది.

ఆయన కాలంలోనే జాగ్వార్ విమానాలు వచ్చాయి. వాటి కోసం ప్రభుత్వాన్ని ఒప్పించడంలో ఆయన పాత్ర వుంది. 1979లో మొదటి జాగ్వార్ స్క్వాడ్రన్ మొదలైంది అంబాలాలో. వాపిటీ రోజుల్లో ఆయన కుర్ర క్యాడెట్‌గా ఎగరడం నేర్చుకున్న ఊరే అది. 1981లో రిటైరయ్యే ముందు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, మిగ్-25 ఎక్కి ఎగిరారు. శబ్దం కంటే రెండింతలకు పైగా వేగంతో పోయే విమానం. రెండు రెక్కల గుడ్డ విమానం నుంచి అక్కడి దాకా ఒకే జీవితంలో.

ఇప్పుడు అదే కాలంలో నడిచిన ఇంకో సంగతి చెప్పాలి. 1979 నవంబరులో పాకిస్తాన్ క్రికెట్ జట్టు ఆరు టెస్టులు ఆడడానికి భారతదేశం వచ్చింది. కెప్టెన్ ఆసిఫ్ ఇక్బాల్. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, హైదరాబాదు తరఫున రంజీ ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్ళినవాడు. గులామ్ అహ్మద్ మేనల్లుడు. ఆ గులామ్ అహ్మద్ అప్పుడు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శి. ఈ దేశం విమానదళాధిపతి లతీఫ్. ఒకే ఊరి మైదానాల చుట్టూ పెరిగిన ముగ్గురు. ఒకరు అవతలి జట్టు కెప్టెన్, ఒకరు ఇవతలి బోర్డు కార్యదర్శి, ఒకరు ఈ దేశపు ఆకాశానికి కావలి. మేనమామ మేనల్లుడి కోసం భారత జట్టుకు అన్యాయం చేశాడని ఎవరైనా అన్నారా? భారత జట్టు 2-0తో ఆ సిరీస్ గెలిచింది.

కానీ ఆ పెద్ద కుర్చీల కింద, మా గల్లీల్లో, క్రికెట్ ఆటే అగ్నిపరీక్ష అయింది. మా పిల్లవాడు ఇమ్రాన్ బౌలింగ్ బాగుందంటే చాలు, నీ దేశం ఏది అన్న ప్రశ్న. సచిన్ బ్యాటింగ్ బాగుందంటే, నటిస్తున్నాడన్న చూపు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు తెలుగు సాహిత్యం మొదటిసారి ఈ గాయం దగ్గర ఆగి చూసింది. పుట్టుకే నేరంగా మోయవలసి రావడం ఏమిటో అప్పటిదాకా చాలామందికి తెలియదు. విమానదళాన్నే ఒక ముస్లిం చేతిలో పెట్టి మూడేళ్ళు నిశ్చింతగా నిద్రపోయిన దేశం, టీవీ ముందు చప్పట్లు కొట్టే పదేళ్ళ పిల్లవాణ్ణి నమ్మలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? లతీఫ్ విషయంలో చూసింది పనిని. పిల్లవాడి విషయంలో చూస్తున్నది పేరుని.

మతమే దేశం అన్నవాళ్ళకు అవతల ఏం దక్కిందో కూడా చూడాలి. 1971లో మతం ఒకటే అయినా భాష, తిండి, అధికారం దగ్గర పాకిస్తాన్ రెండు ముక్కలైంది. లతీఫ్‌ను రమ్మన్న అస్గర్ ఖాన్ రాజకీయాల్లోకి వచ్చి, జియా ఉల్ హక్ సైనిక పాలనలో 1979 నుంచి అయిదేళ్ళ పాటు గృహనిర్బంధంలో వున్నారు. ఇవతల లతీఫ్ దళాధిపతిగా వున్న రోజులే అవి. ఇది అవతలివాళ్ళను చూసి సంతోషించడానికి చెప్పడం లేదు. అస్గర్ ఖాన్ కూడా తన దేశంలో ప్రజాస్వామ్యం కోసం నిలబడ్డ పెద్దమనిషి. నూర్ ఖాన్ పాకిస్తాన్ హాకీకీ, క్రికెట్‌కూ పెద్ద దిక్కయ్యారు. ఎవరి వతన్‌లో వాళ్ళు పనిచేశారు. అంతే. ఇక్కడ వుండిపోయిన ముస్లింను అక్కడికి ముడిపెట్టే తాడు మాత్రం ఈ ముగ్గురి జీవితాల్లో ఎక్కడా కనపడదు.

జాబితాలో మొదటి రెండు పేర్ల దగ్గరికి మళ్ళీ వద్దాం. బ్రిగేడియర్ ఉస్మాన్ 1948 జూలై 3న కాశ్మీరులో ఝంగర్ దగ్గర చనిపోయారు. మహావీర చక్ర. అబ్దుల్ హమీద్ 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగంలో పాకిస్తాన్ ట్యాంకులు పేల్చి, తానూ పోయారు. పరమవీర చక్ర. వాళ్ళ ముందు మేము తల వంచుతాం. అయితే ఒక్క మాట అడుగుతాం. ముస్లిం చచ్చిపోతే తప్ప మీకు నమ్మకం కుదరదా? బతికి, ఫైళ్ళు చూసి, జీతం తీసుకుని, రిటైరై, మనవళ్ళతో ఆడుకుని పోయే హక్కు అందరికీ వున్నట్టు మాకు లేదా? లతీఫ్ జీవితం మాకు విలువైంది ఇందుకే. ఆయన ప్రాణం ఇచ్చి నిరూపించుకోలేదు. పని చేసి చూపించారు. 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నరుగా, తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి, 1988లో హైదరాబాదు తిరిగి వచ్చి, తన ఊళ్ళోనే 2018 ఏప్రిల్ నెలాఖరులో తొంభై నాలుగేళ్ళకు పోయారు. భార్య బిల్కీస్ లతీఫ్ అలీ యావర్ జంగ్ కూతురు. బొంబాయి ధారావి మురికివాడ జనం కోసం పనిచేసిన మనిషి, రచయిత్రి, పద్మశ్రీ గ్రహీత. ఇదొక పెద్ద కుటుంబం, నిండు జీవితం. అమరుడి స్థూపం కాదు.

ఇక మాలో మేము మాట్లాడుకోవలసిన మాట. ఉర్దూలో రాసేటప్పుడు లతీఫ్ సాహెబ్‌ను ఖౌమ్‌కు గర్వకారణం అంటాం. తెలుగులోకి వచ్చేసరికి ఆయన 'జాతీయవాద ముస్లిం' అవుతారు. రెండు భాషల్లో బతుకుతున్న మాకు రెండు మాటలూ ఇరుకుగానే వున్నాయి. జాతీయవాద హిందువు అన్న మాట ఏ పత్రికా రాయదు. ఆ విశేషణం తగిలించారంటేనే మామూలు ముస్లిం జాతీయవాది కాదని అర్థం. ఖౌమ్‌కు గర్వకారణం అనుకుని చేతులు దులుపుకుంటే, ఆయన ఎక్కిన మెట్లు మా పిల్లలకు ఎందుకు అందడం లేదన్న ప్రశ్నను మేమే పాతిపెట్టినట్టు. ఇంగ్లీషు కాలేజీ, చదువుకున్న తండ్రి, మైదానం, పెద్దవాళ్ళ పరిచయం ఆయనకు వున్నాయి. మంగళగిరి నుంచో, కదిరి నుంచో, పాతబస్తీ నుంచో వచ్చే పిల్లవాడికి ఏమున్నాయి?

2006లో సచార్ కమిటీ లెక్కలు బయటపెట్టింది. జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, ఐఎఫ్ఎస్‌లో 1.8 శాతం. సైన్యంలో ముస్లింలు ఎందరని అడిగితే పెద్ద గొడవ లేచింది. లెక్క అడగడమే దేశద్రోహం అన్నట్టు మాట్లాడారు. ఆ లెక్క నివేదికలోకి రాలేదు. మేము సైన్యంలో మతం పేరుతో వాటా అడగలేదు. బడి ఎక్కడ ఆగింది, ఎన్‌సీసీ ఎక్కడ లేదు, మైదానం ఎక్కడ లేదు, భర్తీ ప్రకటన ఏ గల్లీ దాకా రాలేదు అని తెలుసుకోవడానికే అడిగాం. హైదరాబాదు పక్కన దుండిగల్‌లో విమానదళ అకాడమీ వుంది. 1967లో దానికి పునాదిరాయి వేసింది రాష్ట్రపతి జాకిర్ హుసేన్. ఆయనా హైదరాబాదులో పుట్టినవాడే. ఆ గేటు నుంచి పాతబస్తీకి ఇరవై అయిదు మైళ్ళు కూడా వుండదు. మా పిల్లలకు ఆ దూరం ఎందుకు అంత పెద్దదైందో లెక్క తీయవలసింది ప్రభుత్వం. ఆ పిల్లల్ని పదో తరగతి దాకానైనా బడిలో నిలపవలసింది మేము.

లౌకికవాద మిత్రులకు ఒక విన్నపం. మా తరఫున వాదించేటప్పుడు మీరూ ఆ జాబితానే తీస్తారు. మంచి మనసుతోనే తీస్తారని మాకు తెలుసు. అయినా దాన్ని పక్కన పెట్టండి. లతీఫ్ గొప్పవాడు కాబట్టి మేము ఈ దేశంవాళ్ళం అంటే, లతీఫ్ పుట్టకపోయి వుంటే మేము ఎవరం? గొప్పవాళ్ళు ఏ గుంపులోనైనా నలుగురే వుంటారు. పౌరసత్వం ఆ నలుగురి జామీను మీద నడిచేది కాదు. ఆటోవాడికీ, పండ్లబండి వాడికీ, సైకిల్ షాపు వాడికీ, బుర్ఖా వేసుకుని కాలేజీకి పోయే అమ్మాయికీ ఎవరి జామీనూ అక్కర్లేకుండా వున్నదే పౌరసత్వం.

నీది ఏ దేశం అని 1947లో మమ్మల్ని అడిగారు. మాలో ఆఫీసర్లను కాగితం మీద అడిగారు, మిగతావాళ్ళను వీధుల్లో అడిగారు. నిజాం కాలేజీలో చదివిన ఒక కుర్ర ఆఫీసరు తన జవాబు చెప్పాడు. ఏ కాగితమూ అందని కోట్ల మంది, సామాను సర్దుకోకుండా ఇళ్ళలోనే వుండిపోయి, పొలాల్లో, మగ్గాల మీద, దుకాణాల్లో మర్నాడు పనికి పోయి తమ జవాబు చెప్పారు. ఆ జవాబును రికార్డు చేసి ఫైలు మూసెయ్యండి. ఇక మీదట మమ్మల్ని అడగదలుచుకుంటే చదువు గురించి అడగండి, కూలి గురించి అడగండి, ఇల్లు అద్దెకు దొరుకుతోందా అని అడగండి. వాటికి చెప్పవలసిన జవాబులు మా దగ్గర చాలా వున్నాయి.